మంద లేని కాపరి

తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కూర్చున్నప్పుడల్లా నాకొక పాడు ఆలోచన వస్తుంది. కంపార్టుమెంటు తలుపు తీయడం ఆలస్యం, వందలమంది ఒక్క ఊపున లేచి, పిల్లల్ని చంకనెత్తుకొని, గోవిందలు చెప్పుకుంటూ ఆ సందులోకి తోసుకుంటారు. శ్రీవారి సేవకులు గొంతు పోయేదాకా అరుస్తుంటారు. వాళ్లకు సాయంగా, గొర్రెల్ని తోలే బార్డర్ కోలీ కుక్కల్ని రెండింటిని పెడితే ఎట్లుంటుంది? అరవవు, కరవవు. ముందుకాళ్లు వంచి, తల దించి, రెప్ప వేయకుండా చూస్తాయి. ఆ చూపుకే వరస సర్దుకుంటుంది. పక్కనుంచి దూరబోయే పెద్దమనిషిని చుట్టు తిరిగొచ్చి మళ్లీ ఆయన చోటికే చేరుస్తాయి. ఆయన జేబులో ఎవరి సిఫారసు ఉత్తరముందో వాటికి అనవసరం.

అపచారం అనుకోవద్దు. ఆ గుళ్లో రోజూ తొలి దర్శనం గొల్లదే. తెల్లవారకముందే దివిటీ పట్టుకొని అర్చకుల ముందు నడిచే సన్నిధి గొల్లకు ఆ హక్కు వంశపారంపర్యంగా వస్తోంది. మహాద్వారానికి ఎదురుగా ఉన్న మండపం పేరు గొల్లమండపం. కాపరికి అంత పెద్దపీట వేసిన కొండమీద కాపరి కుక్కకు చిన్న ఉద్యోగం ఇస్తే ఏం పోయె?

ఈ ఆలోచన మా అక్కావాళ్ల కుక్క పెట్టింది. వాళ్లు తిరుపతిలో ఎం.ఆర్.పల్లి వైపు అపార్టుమెంటులో ఉంటారు. బావ రిటైరైన హెడ్మాస్టరు. కొడుకు బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగం చేస్తూ, కరోనా కాలంలో ఇంట్లోంచే పని చేసే రోజుల్లో, తోడుంటుందని ఒక బార్డర్ కోలీ పిల్లను కొన్నాడు. నలుపూ తెలుపూ జూలు, ఒక చెవి నిక్కి ఒక చెవి వాలి, ఎవరికైనా ముద్దొచ్చే ముఖం. పేరు సింబా. ఆ తర్వాత వీసా వచ్చింది. వాడు డాలస్ పోయినాడు, సింబా తిరుపతికి వచ్చింది. అమెరికా పోయే పిల్లలు అమ్మానాయనల దగ్గర వదిలిపెట్టే సామాన్లలో బుల్లెట్ బండి మొదటిదైతే, ఈ మధ్య కుక్క రెండోదయింది. బండికైతే గుడ్డ కప్పి మెట్లకింద పెట్టేయొచ్చు.

సింబాకు ఇంట్లోవాళ్లందరూ ఒకచోట ఉండాలి. అక్క వంటింట్లో, బావ బాల్కనీలో, పనమ్మాయి వెనక గదిలో ఉన్నంతసేపూ దానికి నిలకడ లేదు. ముగ్గురి మధ్యా తిరుగుతూనే ఉంటుంది. బావ స్నానానికి పోతే తలుపు దగ్గర కాపలా. అక్క గుడికి బయల్దేరితే గడపకు అడ్డం. రాత్రి సీరియల్ టైముకు అందరూ హాల్లో కూర్చున్నాక గాని దాని ఒళ్లు నేలకు ఆనదు. మొన్న సంక్రాంతికి మా వాళ్ల పిల్లలందరూ చేరి మిద్దెమీద పరుగులు పెడుతుంటే దానికి పూనకం వచ్చినట్టయింది. చుట్టు తిరిగింది, అడ్డం పడింది, కాసేపట్లోనే పిల్లలందర్నీ నీళ్ల ట్యాంకు పక్కన ఒక మూలకు చేర్చి, ఎదురుగా పొట్ట నేలకానించి కూర్చుంది. ఎవరైనా కదిలితే మడమ మీద పంటితో చిన్న గిల్లుడు. ఒక పిల్లకు గీత పడింది. వాళ్లమ్మ “కరిచిందమ్మో” అని కేక పెట్టింది. సింబాకు టీకాలన్నీ సక్రమంగా వేసున్నా, ఆ గీతను పావుగంటసేపు సబ్బూ నీళ్లతో కడిగించి ఆస్పత్రికి తీసుకుపోయినాం. పంటి గీత చిన్నదైనా ఆ రెండు పనులూ మానకూడదు. పండగ మాత్రం చెడింది. సాయంత్రం బావ దాన్ని గొలుసేసి కట్టేస్తే, అది గోడవైపు తిరిగి పడుకొని ముద్ద ముట్టలేదు. తాను చేసిన తప్పేంటో దానికి తెలియదు. ఆ పొద్దు నిజానికి అది జన్మకంతా ఒక్కసారి ఉద్యోగం చేసింది.

రేమండ్ కాపింజర్ అనే అమెరికా జీవశాస్త్రవేత్త పనిచేసే కుక్కల్ని ఏళ్ల తరబడి గమనించి చెప్పిన మాట ఒకటుంది. తోడేలు వేటలో అంచెలున్నాయి. పసిగట్టడం, చూపు నిలపడం, పొంచి నడవడం, తరమడం, పట్టి కరవడం, చంపడం, చీల్చడం, తినడం. మనిషి తరతరాలుగా కుక్కల్ని ఏరి ఏరి సంతానం తీస్తూ ఈ అంచెల్లో కొన్నిటికి పదునుపెట్టినాడు, కొన్నిటిని అణిచినాడు. గొర్రెల్ని తోలే కుక్కలో చూపు, పొంచడం, తరమడం మిగిలినాయి, కరిచి చంపేది ఆగిపోయింది. అంటే అది చేసేది సగం వేట. గొర్రెలకు అందులో తోడేలే కనిపిస్తుంది, అందుకే కదులుతాయి. ఆవుల్ని తోలే వేల్స్ దేశపు కోర్గీకి మడమ గిల్లే భాగం కూడా వదిలినారు. పొట్టికాళ్లది గనుక ఆవు తన్నినా ఆ తన్ను దాని తలమీదుగా పోతుంది. ఎలిజబెత్ రాణి కోర్గీలు అంతఃపురం నౌకర్ల కాలిపిక్కలు పట్టుకున్న కథలు పత్రికల్లో వచ్చినప్పుడు అందరూ నవ్వుకున్నారు. పాపం అవి నౌకర్లను ఆవులనుకున్నాయి, అంతే.

కోలీకుండే ఈ చూపుకు ఒక మూలపురుషుడున్నాడు. ఇంగ్లండు ఉత్తరపు అంచున నార్తంబర్లండులో ఆడమ్ టెల్ఫర్ అనే ఆయన దగ్గర 1893లో పుట్టిన ఓల్డ్ హెంప్. నేటి బార్డర్ కోలీల్లో చాలావాటి వంశవృక్షం దాని దగ్గరికే పోతుంది. అంతకుముందు గొర్రెల కుక్కలంటే అరుపులు, కాట్లు, హంగామా. ఇది మాత్రం నోరెత్తకుండా కళ్లతో మందను నడిపించిందట. ఆ సీమ గొర్రెల కాపరికి అట్లాంటి కుక్క ప్రాణావసరం. వాళ్లు గొర్రెల్ని కొండమీదికి వదిలేస్తారు. అవి మైళ్లకొద్దీ చెదిరి మేస్తాయి. ఉన్ని కత్తిరించే కాలానికో, మంచు పడేముందో వాటన్నిటినీ కిందికి దించాలి. మనిషి ఒక్కడే, కూలికి ఇంకొకడు దొరకడు. కుక్క లేకుంటే ఆ కొండమీద గొర్రెల వ్యాపారమే లేదు.

మరి మన కాపరికి?

పూతలపట్టు దాటినాక రోడ్డు పక్కన మంద తోలుకుపోతున్న కురుబ పెద్దాయన్ను ఆపి అడిగినా. భుజాన కంబళి, చేతిలో దోటి. మంద వెనక తోక వంకర తిరిగిన గోధుమరంగు కుక్క ఒకటి, ఎవరితోనూ పనిలేనట్టు నడుస్తోంది.

“మీ కుక్క గొర్రెల్ని తోలదా పెద్దాయనా?”

ఆయన నన్నూ నా కారునూ ఒకసారి చూసినాడు. “కుక్క గొర్రెల్ని తోలేదేంది సామీ? దాన్ని తోలేదానికే ఇంగొక మనిసి కావల్ల.”

“మరి ఎందుకు పెట్టుకున్నారు?”

“రేత్రికి.”

ఆ ఒక్కమాటలో అంతా ఉంది. మన కాపరి పొద్దుటినుంచి సాయంత్రందాకా మందతోనే నడుస్తాడు. ఒకరు ముందు, ఒకరు వెనక. మధ్యలో ఎవరి వేరుశెనగ చేనో, మామిడి తోటో వస్తే గొర్రె మూతి అటు తిరక్కుండా చూడటమే పని. ఆ పనికి నోటి అదిలింపు చాలు, మెడలో గంట కట్టిన పొట్టేలు చాలు. కుక్క తరిమితే మంద బెదిరి నేరుగా చేలోనే పడుతుంది, తర్వాత పంచాయతీ. రాత్రయితే సంగతి వేరు. ఎరువు కోసం రైతు తన మడిలో మంద నిలపమంటాడు, అందుకు గింజలో రూకలో ఇస్తాడు. బయలు నేల, చుట్టూ వల. దొంగ, నక్క, అడవి పక్కనైతే చిరుత. అప్పుడు కుక్క మంద అంచున పడుకొని, ఒక చెవి తెరిచి, ఏదైనా కదిలితే కాపరిని లేపుతుంది. పగలంతా అది నిద్ర బాకీ తీర్చుకుంటుంది. రాత్రి పెట్టిన సంగటి ముద్ద తింటుంది. దాని గుణమంతా ఓపిక, అనుమానం, బద్ధకం. తోలే కుక్క గుణం ఆత్రం, పట్టుదల, కుదురులేనితనం. ఈ రెండింటినీ కలిపి మనం షెపర్డ్ అనే ఒక్క సంచిలో వేసి, ఇంటికి తెచ్చుకొని, ఎందుకిట్లా చేస్తోందని ఆశ్చర్యపోతాం.

మన పురాణాలదీ ఇదే తంతు. పుట్టలో శ్రీనివాసుడికి ఆవు పాలు కార్చిన కథలో గొల్లవాడున్నాడు, గొడ్డలి ఉంది, కుక్క లేదు. కృష్ణుడి మందకు పిల్లనగ్రోవి చాలింది. ఋగ్వేదంలో ఇంద్రుడి కుక్క సరమ, పణులు దాచిపెట్టిన ఆవుల జాడ కనిపెడుతుంది గాని వాటిని తోలుకురాదు. కురుబలు కొలిచే మైలారలింగడి పక్కన కుక్కుంది, అదీ కాపలాదే. ధర్మరాజు వెంట నడిచింది కూడా ఊరికే నడిచింది. మన నేలమీద కుక్క వెంట వచ్చేది, కాచేది, వెతికేది. తోలేది మనిషే.

ఒక్కచోట మాత్రం లెక్క తప్పుతుంది. కొల్లేరు చుట్టుపక్కల బాతుల మందల్ని తోలడానికి వాడిన కుక్క ఒకటుంది, జోనంగి. పొట్టి వెంట్రుకలు, ఎప్పుడూ దిగులు పడుతున్నట్టు నుదుట ముడతలు. మొరగడం తక్కువ, కూత పెట్టినట్టు ఒక వింత అరుపు. నేల తవ్వుకొని ఆ గుంటలో పడుకునే అలవాటు. వరికోతలైన మళ్లలో వందల బాతుల్ని చెదరకుండా నడిపించడం చిన్న విద్య కాదు. బాతు గొర్రెకన్నా పిరికిది, పైగా అన్ని వైపులా ఒకేసారి పరుగెత్తుతుంది. తర్వాత ఆ పొలాలు చేపల చెరువులైనాయి. బాతుల మందలు తగ్గినాయి. పనిపోయిన జోనంగి చెరువుల గట్లమీద తిరుగుతూ చేపలు పట్టుకు తినడం నేర్చింది, దొంగ పేరు మోసింది, దెబ్బలు తిన్నది, చచ్చింది. ఇప్పుడు అచ్చమైన జోనంగి దొరకడం అరుదు, జాతిని నిలబెట్టాలని కొందరు తాపత్రయపడుతున్నారు. ఆ కుక్కలో ఏదీ మారలేదు. నిన్న ఉద్యోగమైంది నేడు నేరమైంది. సింబా మిద్దెమీద చేసిన పనీ, జోనంగి చెరువుగట్టున చేసిన పనీ నాకు ఒకటే అనిపిస్తుంది. మనిషి ఏళ్ల తరబడి ఎంచి ఎంచి ఒక ప్రాణిలో ఒక పనిని పోతపోసి, తర్వాత పని తీసేసి ప్రాణిని మాత్రం ఉంచుకుంటే, ఆ పని ఎక్కడికీ పోదు. దొరికినదాని మీద పడుతుంది. స్కూటర్ చక్రం, గోడమీద వెలుగు మచ్చ, తిరిగే ఫ్యాను, పరుగెత్తే పిల్లకాయ. గోడమీద వెలుగును తరమడం అలవాటైన కోలీని మాన్పించడం చాలా కష్టం. మొబైల్ టార్చితో దానితో ఆడేవాళ్లు అది తెలిసి ఆడితే బాగుండు.

మన ఊళ్లలో షెపర్డ్ అంటే మామూలుగా జర్మన్ షెపర్డే. పాతవాళ్ల నోట అది ఇంకా అల్సేషనే. మొదటి ప్రపంచయుద్ధం నాటికి జర్మనీ పేరంటేనే గిట్టని ఇంగ్లీషువాళ్లు పెట్టిన మారుపేరు అది. మాక్స్ ఫాన్ ష్టెఫనిట్జ్ అనే మాజీ సైన్యాధికారి 1899లో హోరండ్ అనే కాపరి కుక్కను చూసి కొని, దానితో ఈ జాతికి పేరుపెట్టి సంఘం కట్టినాడు. ఆయన తెలివి ఒకటుంది. రైళ్లూ కంచెలూ వచ్చి గొర్రెల పని తగ్గుతోందని గ్రహించి, తన కుక్కల్ని పోలీసుల దగ్గరికి, సైన్యం దగ్గరికి మళ్లించినాడు. కొత్త ఉద్యోగం వెతికిపెట్టినాడన్నమాట. మనమేమో గేటు పక్కన రెండు గజాల గొలుసు వెతికిపెట్టినాం. ఇంటి బయట ‘కుక్క ఉన్నది జాగ్రత్త’ బోర్డు, లోపల ఆ కుక్కకు పగలూ రాత్రీ అదే గొలుసు. మనుషుల మధ్య తిరగక, మొదటి మూడు నెలల్లో కొత్త ముఖాలు, కొత్త చప్పుళ్లు చూడక పెరిగిన షెపర్డ్‌కు ప్రపంచమంతా దొంగలే. పాలబ్బాయిని కరిచిన రోజు యజమాని గర్వంగా చెప్పుకుంటాడు. మనవణ్ని కరిచిన రోజు మనిషిని పిలిచి ఇచ్చేస్తాడు. ఇక మాలినాయ్ సంగతి. బెల్జియం కాపరి కుక్క అది. 2011లో బిన్ లాడెన్ ఇంటిమీదికి అమెరికా కమాండోలతో పోయింది ఈ జాతి కుక్కే. ఆ ముచ్చటతో దాన్ని మూడు గదుల ఇంట్లో పెంచబోయేవాళ్లకు ఒకటే చెప్తాను, కమాండో సెలవు రోజున కూడా కమాండోయే.

తిరుపతి వెటర్నరీ కాలేజీ 1955 నాటిది. పొద్దున ఆ ఆస్పత్రి దగ్గర నిలబడితే ఊరి కుక్కల చరిత్రంతా కళ్లముందు నడుస్తుంది. ఒకప్పుడు అక్కడ ఎద్దులూ ఆవులే ఎక్కువ కనిపించేవి, ఇప్పుడు ఆటోల్లోంచి జూలు కుక్కలు దిగుతున్నాయి. వచ్చేవాటిలో గోమార్ల జ్వరం మామూలు. గోమారి కాటుతో వచ్చే ఎర్లికియా అనే సూక్ష్మజీవి రక్తకణాల్ని దెబ్బతీస్తుంది. కుక్క తిండి మానేస్తుంది, చిగుళ్లు పాలిపోతాయి, ముక్కునుంచి రక్తం కారితే వ్యవహారం ముదిరినట్టు. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం తీసుకుపోయిన జర్మన్ షెపర్డ్‌లు ఈ జబ్బుతోనే గుంపులుగా రాలినాయి. ఆ జాతి దీన్ని తట్టుకోలేదని అప్పుడే లోకానికి బాగా తెలిసింది. మన నాటు కుక్కల్లో చాలావాటికి ఒంటినిండా గోమార్లున్నా అంత సులువుగా కూలవు. కాబట్టి వేలు పోసి షెపర్డ్‌ను తెచ్చుకున్నవాళ్లు రోజూ చెవుల వెనక, వేళ్ల సందుల్లో, మెడపట్టీ కింద తడిమి చూడటం బద్ధకించకూడదు.

ఇంకొకటి ఇంతకన్నా ముఖ్యం. మన పక్క గోమార్లకూ గజ్జికీ ఐవర్‌మెక్టిన్ చాలా మామూలు మందు. గొర్రెలకూ అదే, కుక్కలకూ అదే, ఒక్కోసారి అడిగిన వెంటనే దుకాణంలో ఇచ్చేస్తారు. కోలీ, షెట్లండ్ షీప్‌డాగ్, ఆస్ట్రేలియన్ షెపర్డ్ జాతుల్లో చాలా కుక్కలకు మెదడులోకి మందు చొరబడకుండా ఆపే ఒక జన్యువు పాడై ఉంటుంది. గుండె పురుగు రాకుండా ఇచ్చే అతి చిన్న మోతాదు సరేగాని, గజ్జికిచ్చే మోతాదు వాటికి విషం. తూలుతాయి, చూపు పోతుంది, స్పృహ తప్పుతాయి, చచ్చిపోతాయి. ఈ లోపం బయటపడింది 2001లో. బార్డర్ కోలీలో ఇది తక్కువే, అయినా లేదని చెప్పలేం. గొర్రెల మందులు అమ్మే దుకాణం నుంచి గొర్రెల కుక్కకు మందు తెచ్చి చంపుకోవడం కన్నా అన్యాయం ఏముంది? మందు ఏదైనా డాక్టరుకు జాతి పేరు చెప్పి అడగాలి.

ఎండల సంగతి ఈ ఊరివాళ్లకు చెప్పనక్కర్లేదు. కుక్క చెమటపోసేది పాదాలతోనే, అదీ నామమాత్రం. మిగతాదంతా నాలుక బయటపెట్టి రొప్పడమే. దాని ఒంటి వేడి మామూలుగానే 101, 102 డిగ్రీల ఫారన్‌హీటు, 106 దాటితే ప్రాణం మీదికి వస్తుంది. స్కాట్లండు చలికి పుట్టిన రెండు పొరల బొచ్చు చూసి జాలిపడి కొందరు గుండు కొట్టిస్తారు. మనమైతే కొండమీద మొక్కుబడికి గుండు కొట్టించుకుంటాం, కుక్కకు ఆ మొక్కు ఎందుకు? ఆ పైపొర ఎండను కూడా ఆపుతుంది. చేయాల్సిందల్లా దువ్వి లోపలి చచ్చిన బొచ్చు తీసేయడం. నడకకు ఎండ రాకముందే పోవాలి. అక్కడే తిరుపతి చిక్కు. ఎండకు భయపడితే చీకట్లో పోవాలి. చీకట్లో అలిపిరి వైపో, యూనివర్సిటీల వెనకో పోతే చిరుతకు భయపడాలి. శేషాచలం అంచున చిరుత దిగిందని ఏటా వింటున్నదే. దానికి కుక్క మహా ఇష్టమైన భోజనం. అందుకే బావ వెలుతురు పడీపడగానే, నలుగురూ తిరిగే రోడ్డులో నడిపిస్తాడు. సాయంత్రం రోడ్డుమీద అరచెయ్యి ఆనించి చూసి, చెయ్యి నిలిస్తేనే దాన్ని కిందికి దించుతాడు. తిండి విషయంలో అక్క ఒప్పుకోవడానికి చాలాకాలం పట్టింది. పెరుగన్నం చల్లదనమే గాని పరుగెత్తే కుక్కకు కండ పట్టదు. ఇప్పుడు కోడిగుడ్డు, ఉడకేసిన కోడిమాంసం. అక్క శాకాహారి కాబట్టి ఆ గిన్నె, ఆ పొయ్యి బాల్కనీలోకి పోయినాయి. గంగమ్మ జాతర డప్పులకు, దీపావళి టపాకాయలకు అది మంచం కిందికి పోతుంది. ఈ జాతులకు చప్పుడు భయం ఎక్కువ. ఆ వారం అక్క ఫ్యాను పెద్దది చేసి, పాత ఎమ్మెస్ సుబ్బులక్ష్మి పెట్టి, దాని పక్కనే కూర్చుంటుంది.

ఎంత నడిపించినా తీరని ఆకలి ఒకటుంటుంది, బుర్రది. అమెరికాలో జాన్ పిల్లీ అనే మనస్తత్వశాస్త్రం ఆచార్యుడు రిటైరయ్యాక చేసర్ అనే బార్డర్ కోలీకి రోజుకు నాలుగైదు గంటలు పాఠం చెప్పి, మూడేళ్లలో 1022 బొమ్మల పేర్లు నేర్పినాడు. ఆ వివరాలు 2011లో పరిశోధన పత్రంగా వచ్చినాయి. రిటైరైన మేష్టరు, ఖాళీగా ఉన్న కోలీ. ఈ జోడీ గురించి విన్నప్పుడు నేను బావ దగ్గరికి పరుగెత్తినా. ఆయన ముప్పై ఏళ్లు పిల్లకాయలకు ఎక్కాలు చెప్పినవాడు, అదే గొంతుతో మొదలుపెట్టినాడు. కళ్లజోడు పెట్టె, ఈనాడు పేపరు, అక్క మందుల సంచి, డాలస్‌వాడు వదిలిన టోపీ. ఒక్కోటీ ఒక్కో గదిలో దాచి వెతకమంటాడు. పొద్దుటి ముద్దను పళ్లెంలో పెట్టకుండా పాత తువ్వాల మడతల్లో దాచిపెట్టి ముక్కుతో తీసుకోమంటాడు. అంత చిన్న పనికే ఒక గంట పరుగు తర్వాత కూడా రాని నిద్ర వస్తుంది దానికి.

అన్నిటికన్నా కష్టమైన పాఠం చివరిది. ఇంగ్లండు గొర్రెల కాపరులు కుక్కకు కుడి, ఎడమ, ఆగు, ముందుకు అని ఎన్ని నేర్పినా, పని ముగిసిందని చెప్పే ఆజ్ఞ ఒకటి తప్పకుండా నేర్పుతారు. అది వినగానే కుక్క మందను వదిలి వచ్చి కాపరి కాలిపక్క చేరుతుంది. అది నేర్వని కుక్క చీకటి పడ్డా గొర్రెల్ని తిప్పుతూనే ఉంటుంది. మన ఇళ్లలోని కాపరి కుక్కల్లో సగం అట్లా డ్యూటీ దిగడం తెలియనివే. పరుగు ఎక్కువ పెడితే తగ్గుతాయనుకొని రోజూ ఇంకో మైలు పెంచుతారు. అప్పుడు తయారయ్యేది ఇంకా దమ్మున్న ఆత్రగొట్టు కుక్క. బావ ఇప్పుడు రాత్రి తొమ్మిదికి టీవీ కట్టేసి, “చాలబ్బయా, అందరూ వచ్చేసినారు” అంటాడు. సింబా పోయి చాపమీద పడుకుంటుంది. అందరూ వచ్చేసినారనేది అబద్ధమే. అది ఆ ఇంట్లో ముగ్గురికీ తెలుసు.

ఈ పెంపకపు పిచ్చి కుక్కలతోనే ఆగలేదు. పుంగనూరు ఆవు మన ప్రాంతపు పొట్టి జాతి, తక్కువ మేతకు చిక్కటి పాలిచ్చే పేదవాడి ఆవు. పలమనేరు పశు పరిశోధనా కేంద్రం దాన్ని నిలబెట్టడానికి ఏళ్లుగా కష్టపడింది. 2024 సంక్రాంతికి ప్రధాని ఇంట్లో వాటికి మేత పెట్టిన ఫొటోలు వచ్చినాక, ఇంకా పొట్టివి కావాలని, సోఫా పక్కన నిలబడేవి కావాలని జనం తిరుగుతున్నారు. మళ్లీ కుక్కల మాటకొస్తే, ఆ ఏడే మార్చిలో కేంద్రం ఇరవైమూడు రకాల కుక్కల్ని ప్రమాదకరమని పేర్లు రాసి నిషేధించమంది. ఆ పట్టీలో కంగల్, కాకేషియన్ షెపర్డ్, మధ్యాసియా షెపర్డ్ లాంటి మంద కాపలా కుక్కలు కనీసం అయిదారున్నాయి. తోడేళ్లకు ఎదురునిలిచే కుక్కల్ని అపార్టుమెంట్లకు తెచ్చిందెవరో ఆ పట్టీలో లేదు. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు, సంబంధించినవాళ్లను అడక్కుండా చేసినారని ఆ ఉత్తర్వును కొట్టేసింది.

నన్నడిగితే, పొద్దున గంట, సాయంత్రం గంట, మధ్యలో పాఠాలు చెప్పే ఓపిక లేని ఇంటికి బార్డర్ కోలీ వద్దు. మామిడితోటలో కాపురముండి, తనూ కుక్కతోపాటు తిరిగేవాడికి జర్మన్ షెపర్డ్ సరిపోవచ్చు. మిగతావాళ్లకు వీధిలో పుట్టిన పిల్ల ఉంది. పూతలపట్టు పెద్దాయన కుక్క వంశమే అది. మన ఎండకు పుట్టింది, పగలు పడుకుంటుంది, రాత్రి మేలుకుంటుంది, తలుపు తీసి ఎవరెటు పోయినా లెక్క అడగదు. ఆ పెద్దాయన సింబా ధర విని, “ఆ దుడ్డుకు నాలుగు గొర్రెలొచ్చునే” అని చాలాసేపు బాధపడినాడు.

ఈ మాటలన్నీ మా వీధిలో బట్టలకొట్టు పెట్టుకున్న కుర్రవాడికి ఒక సాయంత్రం ఓపిగ్గా చెప్పినా. కుక్కను కొంటున్నా, సలహా చెప్పన్నా అని వాడే అడిగినాడు. ఎవరు నడిపిస్తారు, ఎండాకాలం ఎక్కడుంటుంది, నువ్వు షాపులో ఉన్నంతసేపు అదేం చేస్తుంది అని అడిగి, గొర్రెల కుక్క జోలికి పోవద్దని ఖచ్చితంగా చెప్పినా. బుద్ధిగా తలూపినాడు. మర్నెల వాళ్లింటికి పోతే, చైత్రమాసపు మిట్టమధ్యాహ్నం, ఏసీ పద్దెనిమిదిలో పెట్టిన గదిలో నీలికళ్ల సైబీరియన్ హస్కీ పిల్ల గచ్చునానుకొని పడుకొని ఉంది.

“నువ్వు చెప్పినట్టే చేసినానన్నా,” అన్నాడు వాడు సంతోషంగా. “ఇది గొర్రెల కుక్క కాదు. మంచులో బండి లాగేదంట.”